తప్పు నీళ్ళది కాదు

డెబ్భైల చివర్లో నేను తిరువూరులో సైన్సు మాస్టారిని. మా వీధి మొదట్లో ఒక దర్జీ సాయిబు గారి కొట్టు ఉండేది. ఆయన మిషను తొక్కుతుంటే భార్య పక్కనే కూర్చుని కాజాలు కుట్టేది. ఆమెకు ఎదురుగా ఒక గాజు తొట్టి, అందులో పొడుగు తోకల బంగారు చేపలు రెండు. సూదిలో దారం ఎక్కించుకున్నప్పుడల్లా ఆమె వాటిని ఒకసారి చూసుకునేది.

"వీటికి తోడుగా ఇంకేమన్నా వెయ్యొచ్చా మాస్టారూ? మీరు చదువుకున్నోరు గదా," అని ఒకరోజు సాయిబు గారు అడిగారు.

నేను చదివింది జంతుశాస్త్రమే గాని, తొట్టిలో చేపలు పెంచి ఎరగను. ఆ మాట చెప్పలేదు. "ఈసారి బెజవాడ వెళ్ళినప్పుడు నేనే తెస్తాను," అన్నాను.

బెజవాడలో చేపలమ్మే కొట్టులో నల్లచారల చిన్న చేపలు నా కంటికి నచ్చాయి. మహా చురుగ్గా తిరుగుతున్నాయి.

"పొడుగు తోకల వాటితో వెయ్యకండి సార్, కొరుకుతాయి," అన్నాడు కొట్టతను.

వేలెడంత లేవు, ఇవేం చేస్తాయిలే అనుకున్నాను. నాలుగు కొని, సీసాలో పోయించుకుని బస్సెక్కాను.

వారం తిరక్కుండానే బంగారు చేపల తోకలు చిరిగి పీలికలయ్యాయి. "ఏంటి మాస్టారూ ఇది?" అన్నారు సాయిబు గారు. కొట్టులో బట్టలు కుట్టించుకునేవాళ్ళు మరో ఇద్దరున్నారు. బెజవాడలో విన్న హెచ్చరిక నాకు గుర్తుకొచ్చింది. అయినా వాళ్ళ ముందు తెలియదనిపించుకోవడం ఇష్టం లేక, "నీళ్ళు పడలేదండీ. వేరే బావి నీళ్ళు పోసి చూడండి," అన్నాను.

మర్నాటి నుంచి ఆమె ఊరి చివరి బావి నుంచి బిందెతో నీళ్ళు మోసుకొచ్చేది. బడికి వెళ్తూ చూసేవాణ్ణి. చూసి, నడక వేగం పెంచేవాణ్ణి. నాలుగో రోజు ఆమే నన్ను ఆపింది.

"నీళ్ళు కాదు మాస్టారూ. ఆ చారలవే కొరుకుతున్నాయి. పొద్దస్తమానం ఇక్కడే కూర్చుని చూస్తన్నాగా."

"అవి ఆడుకుంటాయమ్మా. మీకలా కనిపిస్తుందంతే," అని నవ్వాను.

ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నాకు నా ముఖం చూసుకోబుద్ధి కాదు.

మర్నాడు ఒక బంగారు చేప చచ్చి తేలింది. ఆమె ఇక నన్నేమీ అడగలేదు. చారల చేపల్ని తీసి వేరే జాడీలో వేసింది. నెల దాటేసరికి మిగిలినదానికి తోక మళ్ళీ వచ్చింది. నా చొక్కా మడిచి ఇస్తూ, "కోలుకుందండి," అని మాత్రం అంది. "సంతోషమమ్మా," అని బయటపడ్డాను. తప్పు నాదేనని చెప్పడానికి అంతకన్నా మంచి అదను మరి దొరకలేదు.

కొన్నాళ్ళకు మందుల షాపాయన కొత్తగా తొట్టి కొని, ఏ చేపలకు ఏవి సరిపడతాయో అడగడానికి మా ఇంటికి వచ్చాడు. సాయిబు గారే పంపారట.

"పొడుగు తోకల వాటితో చారలవి వెయ్యకండి. నెమ్మదిగా ఈదేవాటికి నెమ్మదైనవే తోడుండాలి," అన్నాను.

"భలే చెప్పారండీ! ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారు?"

కాజాలు కుట్టే ఆమె దగ్గర అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది.

"కాలేజీలో," అన్నాను.