మనసు కుశలము

మా తాలూకా కచేరిలో లింగమూర్తి చేతిరాతకు సాటి లేదు. చొప్పదండిలో నేతగాళ్ల ఇంట పుట్టి, ఉర్దూ బడిలో చదివి, నిజాం సర్కారు రోజుల్లోనే నకళ్లు రాసే గుమాస్తాగా చేరాడు. అతను రాసిన కాగితం చేతికొస్తే వకీళ్లు చదవడానికి ముందు ఓసారి ఊరికే చూసుకునేవాళ్లు. అతని పక్క బల్ల నాది. నా పేరు రాజం. ఈ కథలో మంచివాళ్ల వరుసలో నా పేరు వెతక్కండి, దొరకదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటేడు కచేరిలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. ఇరవై ఏళ్లకు పైగా కుడి నుంచి ఎడమకు రాసిన చెయ్యి ఎడమ నుంచి కుడికి తిరగాల్సి వచ్చింది. మాలాంటి చిన్నవాళ్లం ఏదో తంటాలు పడ్డాం. లింగమూర్తికి అప్పటికే నలభై నాలుగు. రాత్రిళ్లు పిల్లల పుస్తకాలు ముందేసుకుని అక్షరాలు దిద్దుకున్నాడు.

కొత్తగా వచ్చిన తహసీల్దారు గారికి ఒక సరదా ఉండేది. పొద్దున్నే గుమాస్తాలందరినీ నిలబెట్టి, ముందు రోజు ముసాయిదాల్లోని తప్పులు పైకి చదివేవాడు. దాన్ని ఆయన శిక్షణ అనేవాడు. ఒక రోజు లింగమూర్తి కాగితం తీశాడు. చెరువు ఎండిపోయిందని రాయడానికి ‘డ్రైడ్’ అనాల్సిన చోట ఒక అక్షరం జారిపోయి ‘డైడ్’ అయింది.

“ఏమయ్యా లింగమూర్తీ, చెరువు చచ్చిపోయిందా? పాపం! దినం ఎప్పుడు చేస్తున్నారు?”

మేమంతా నవ్వాం. ఆయన ఎక్కడినుంచో వచ్చినవాడు, నాలుగేళ్లకు పోయేవాడు. నవ్విన మేమో, లింగమూర్తి ఇంట్లో పెళ్లి విందులు తిన్నవాళ్లం. ఆ తర్వాత నెల రోజులు అతను కనబడితే చాలు, “చెరువు బాగున్నదా అన్నా?” అని అడగడం మాకు తమాషా. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. నా ముసాయిదాలో అంతకంటే పెద్ద తప్పులుండేవి. అతని వంతు నడుస్తున్నంత సేపు నా వంతు రాదు కదా.

అప్పటినుంచి లింగమూర్తికి తన రాత మీదే నమ్మకం పోయింది. రాసిన కాగితాన్ని నాలుగైదు సార్లు చించి మళ్లీ రాసేవాడు. పొద్దున్న కచేరి గడప దగ్గరికి వచ్చి ఆగిపోయేవాడు. చెప్పులు విడిచి, మళ్లీ తొడుక్కుని, మళ్లీ విడిచేవాడు. లోపలికి రావడానికి పావుగంట పట్టేది. దానికీ నవ్వాం.

సరిగ్గా అప్పుడే పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. సిబ్బంది మనఃస్థితిని అధికారులు కనిపెట్టి ఉండాలని, దిగులుతో ఉన్న ఉద్యోగి పని సరిగా చేయలేడని, ఎవరో చదువుకున్న పెద్దమనిషి మంచి మనసుతోనే రాసి ఉంటాడు. మా తహసీల్దారు గారు దాన్ని అమలు చేసిన తీరు చూడాలి. గోడకు ‘నవ్వుతూ పనిచేయుడు’ అని ఒక బోర్డు కొట్టించాడు. శనివారం సాయంత్రం గంటసేపు ధైర్యం గురించి ఉపన్యాసం ఇచ్చేవాడు. ఆ గంటలో ఆగిన పని ఆదివారం వచ్చి చేయాలి. ఆ పైన ఒక రిజిస్టరు పెట్టాడు. రోజూ ప్రతి ఉద్యోగీ తన పేరుకు ఎదురుగా ‘మనసు కుశలము’ అని రాసి సంతకం చేయాలి. ఇక సిబ్బంది మనసులకు లోటేముంది!

లింగమూర్తి ఆ గడిలో ఉర్దూలో రాసేవాడు. తహసీల్దారు గారికి ఉర్దూ రాదు. అందమైన రాత కనబడగానే అది కూడా కుశలమే అనుకుని కింద పచ్చసిరా గీత గీసేవాడు.

మాకు మాత్రం ఉర్దూ వచ్చు.

మొదటి రోజు అతను రాసింది: ‘రాత్రి నిద్ర లేదు.’ మర్నాడు: ‘నిన్న కూడా లేదు.’ వారం తర్వాత: ‘గడప దాటుతుంటే ఊపిరి ఆడదు.’ దాని కిందనే నా పేరు. నేను చదివాను. చదివి, ‘మనసు కుశలము’ అని రాసి, సంతకం పెట్టి, బీడీ కాల్చుకోవడానికి బయటికి పోయాను. నా తర్వాత ఇంకో ఆరుగురు అదే పని చేశారు. ఒకరితో ఒకరం ఆ మాటే ఎత్తలేదు. అలా పందొమ్మిది రోజులు.

ఇరవయ్యో రోజు అతను రాశాడు: ‘బావి గట్టున చాలాసేపు నిలబడ్డాను.’

ఆ రోజు రిజిస్టరును బీరువాలో పెట్టడానికి తీసుకుపోయిన చప్రాసీ సిద్దిరాములు ఆ పేజీ చూశాడు. నాలుగో తరగతి దాకా ఉర్దూ చదివిన మనిషి. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, వెనక పేజీలు కూడా తిప్పాడు. అప్పటికప్పుడు సైకిల్ తీసి లింగమూర్తి ఇంటికి పోయి అతని భార్య అనసూర్యకు చెప్పాడు.

“చెల్లె, సార్‌ను ఒక్కన్ని ఇడువకు. బాయి దిక్కు పోనియ్యకు.”

మర్నాడు పదకొండు గంటలకు అనసూర్య కచేరికి వచ్చింది. కొంగు నడుముకు బిగించుకుని నేరుగా తహసీల్దారు బల్ల ముందు నిలబడింది. లింగమూర్తి తన బల్ల దగ్గర తల వంచుకుని ఉన్నాడు.

“సార్, గా బుక్కు తెప్పియ్యిండ్రి. మా ఆయన ఏం రాసిండో సదివిపియ్యిండ్రి.”

“ఏమిటమ్మా ఇది? ఇది ఆఫీసనుకున్నావా, ఇల్లనుకున్నావా?”

“ఇల్లు గాదని తెల్సు. ఇంట్లయితె మనిషి తింటలేడంటే అడుగుతరు.” ఆమె మా వైపు తిరిగింది. “రాజం, నువ్వు సదువు. నీకు మస్తు నవ్వొస్తదట గద. నవ్వుకుంటనే సదువు.”

నేను చదివాను. పందొమ్మిది రోజులూ, ఇరవయ్యో రోజూ, ఒక్కొక్క ముక్కే తెలుగులో చెప్పాను. తహసీల్దారు గారి ముఖం పాలిపోయింది. ఆ మనిషిలో కూడా ఎక్కడో జాలి ఉందేమోనని ఒక్క క్షణం అనుకున్నాను. ఆయన గొంతు సవరించుకుని హెడ్ గుమాస్తాతో అన్నాడు:

“వచ్చే వారం ఇన్‌స్పెక్షను ఉంది. ఈ పేజీలు తీసేసి కొత్తగా రాయించండి.”

అనసూర్య రిజిస్టరును నా చేతిలోంచి లాక్కుని చంకన పెట్టుకుంది. “గిది నా తాన ఉంటది. మా ఆయన తప్పులు ఇంకొక్కపారి నల్గుర్ల సదివిన్రో, కరీంనగర్ పోయి కలెక్టర్ ముంగట పెడ్త. నెల దినాలు సెలవియ్యిండ్రి.”

సెలవు వచ్చింది. మనసులు కనిపెట్టమని ఉత్తర్వు వస్తే బోర్డు కొట్టించిన మనిషి, కలెక్టర్ పేరు వినగానే ఐదు నిమిషాల్లో సంతకం పెట్టాడు.

లింగమూర్తి చొప్పదండిలో అన్న ఇంట్లో నెల రోజులున్నాడు. ప్రతి ఆదివారం సిద్దిరాములు సైకిల్ తొక్కుకుంటూ పోయేవాడు. అక్కడ ఏం చేస్తావని అడిగితే, “ఏం చేస్త? కూసుంట. బర్రె ఈనిందని చెప్త, వాన పడలేదని చెప్త. సార్ మాట్లాడితె ఇంట, మాట్లాడకపోతె ఊకుంట” అన్నాడు. పదకొండు మంది ఉద్యోగులున్న కచేరిలో ఈ విద్య నాలుగో తరగతి చదివిన చప్రాసీకే వచ్చు.

సెలవు అయ్యాక కూడా గడప దగ్గర లింగమూర్తి కాళ్లు ఆగిపోయేవి. సిద్దిరాములు లోటాతో నీళ్లు తెచ్చి, “జర తాగుండ్రి సార్. తొందరేమున్నది” అని పక్కన నిలబడేవాడు. పావుగంట పది నిమిషాలైంది, పది ఐదయ్యాయి. పూర్తిగా పోవడానికి రెండేళ్లు పట్టింది. కొత్తగా వచ్చేవాళ్ల కంట పడకూడదని తహసీల్దారు గారు అతన్ని పాత దస్తావేజుల గదిలోకి మార్చాడు. అవమానించాననే అనుకుని ఉంటాడు. ఆ గదిలో అంతా ఉర్దూయే.

తహసీల్దారు గారి కొత్త రిజిస్టరులో అన్ని గడులూ కుశలంగా ఉన్నందుకు ఆయనకు మెప్పు లేఖ వచ్చింది. ఆ మరుసటేడు ప్రమోషను కూడా.

లింగమూర్తి పందొమ్మిది వందల అరవై ఎనిమిదిలో రిటైరయ్యాడు. నెల తర్వాత ధైర్యం తెచ్చుకుని అతని ఇంటికి పోయాను. చాలాసేపు నసిగి, “అన్నా, అప్పట్ల నువ్వు రాసింది మేమందరం సదివినం” అన్నాను.

“తెల్సు” అన్నాడు. “మీరు సదువుతరనే రాసిన.”

అనసూర్య చాయ్ తెచ్చి నా ముందు పెట్టింది కానీ తాగమని అనలేదు. లోపల సిద్దిరాములు గొంతు వినబడుతోంది. ఆ రోజు ఆదివారం.