తూర్పుకి చల్లిన పాలు

2021 జూన్ రెండో సోమవారం. జర్మనీలోని కెమ్నిట్జ్ రైల్వే స్టేషన్‌లో నా పక్కన కూర్చున్న మంగోలియా పెద్దావిడ పాల డబ్బాలో వేలు ముంచి, మూడుసార్లు తూర్పుకి చల్లింది. ఎందుకని అడిగితే వచ్చీరాని ఇంగ్లిష్‌లో చెప్పింది.

"1939లో మా నాన్న జపాన్ వాళ్లతో యుద్ధానికి గుర్రమెక్కి వెళ్తే, క్షేమంగా రావాలని మా నానమ్మ రోజూ ఇలాగే పాలు చల్లింది. ఆయన తిరిగొచ్చాకే నేను పుట్టాను. ఇప్పుడు నా మనవడు మా దేశ సైన్యం తరఫున ఆఫ్ఘనిస్తాన్‌లో కాపలా సైనికుడు."

"అయితే దిక్కు తప్పారు. ఆఫ్ఘనిస్తాన్ ఇక్కడికి ఆగ్నేయం," అన్నాను.

ఆవిడ మాస్కు వెనక నవ్వింది. "తెలుసు సిస్టర్. వాడున్న చోటుకి కాదు, వాడు చేరాల్సిన ఇంటివైపు చల్లుతున్నాను."

"ఎప్పుడొస్తాడు?"

"తేదీ చెప్పలేదు. వస్తాడు."

ఆవిడ డబ్బా ఖాళీ అయింది. నా కాఫీతో ఇచ్చిన చిన్న పాల డబ్బీ ఆవిడ చేతిలో పెట్టి, పాలు లేకుండానే కాఫీ తాగాను.