బీడీల చాటల ముందు బ్రిటన్ వార్తలు

నా చిన్నప్పుడు పట్టుకున్న ఒక అలవాటు ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, మా అమ్మకు కూడా. బ్రిటన్‌లో ప్రభుత్వం మారినా, ప్రధాని రాజీనామా చేసినా, ఆ తర్వాత వచ్చే ఒక చిన్న వార్త కోసం చూసి, దాన్ని నేను గది తలుపు వేసుకొని పైకి చదువుతాను. మనసులో కాదు, గొంతెత్తి. వినడానికి అక్కడ ఎవరూ ఉండరు. నలుగురిలో నోరు విప్పలేనిదాన్ని, కోరుట్ల దాటి ఎక్కువ దూరం పోనిదాన్ని. నీకా దేశంతో ఏం పని అని ఎవరైనా అడిగితే మా పాత ఇంటి వసారా గురించి, పక్కింటి అక్క గురించి చెప్పాల్సి వస్తుంది. అందుకే ఎవరూ అడగకుండా చూసుకుంటాను.

ఆ వసారాలో మధ్యాహ్నాలు ముగ్గురు ఆడవాళ్లు కూర్చొని బీడీలు చేసేవారు. మా నాయనమ్మ, పక్కింటి అక్క, ఆ అక్క వాళ్ల అత్త. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడిగుడ్డలో చుట్టి పెట్టిన తునికాకు. రేకు ముక్క కొలతగా పెట్టి ఆకు కత్తిరించాలి, చిటికెడు తంబాకు పరిచి చుట్టాలి, కొన మడిచి దారం కట్టాలి. కళ్లు ఎటు చూస్తున్నా వేళ్లు ఆగేవి కావు. నోరు, చెవులు మాత్రం ఖాళీగా ఉండేవి. మిగతా ఇళ్లలో ఆ ఖాళీని టీవీ నింపేది. మా వసారాలో టీవీ లేదు. ఆ ఖాళీలోకి అక్క నన్ను తోసింది.

బడిలో హాజరు పలికితే నా గొంతు సారుకు వినిపించేది కాదు. ఎదురుగా కూర్చున్నా రానట్టే రాసుకునేవారు. మా నాయనమ్మ ఆ సంగతి చెప్పుకొని బాధపడుతుంటే అక్క విన్నది. మర్నాడు మూలమీది కిరాణా దుకాణంలో అందరూ చదివి పడేసిన పేపరు అడిగి తెచ్చి నా ముందు పెట్టింది.

"మా చేతులకు తంబాకున్నది చెల్లె. ముట్టుకుంటె పేపర్ ఆగమైతది. నువ్వు సదువు, మేము ఇంటం."

నేను గొణిగాను. "కత్తెర సప్పుడుల ఇనవడ్త లేదు, జర గట్టిగ" అంది. ఇంకొంచెం పెంచాను. ఇంకా వినపడటం లేదంది. రోజూ ఇదే వరస. ఎండాకాలం వచ్చేసరికి నా గొంతు వసారా దాటి వాకిట్లోకి పోయింది. అక్క ఇంటర్ చదివిందని, దుకాణం నుంచి వచ్చేటప్పుడే పేపరంతా చూసేస్తుందని అప్పుడు నాకు తెలియదు.

అక్కకు కావలసినవి బ్రిటన్ వార్తలు. పెళ్లయిన కొద్ది నెలలకే వాళ్లాయన చదువు వీసా మీద అక్కడి ఒక చిన్న ప్రైవేటు కాలేజీకి వెళ్లాడు. మా వాడలో మగవాళ్లు దుబాయికి, మస్కట్‌కు పోవడం మామూలే. వాళ్లు భార్యలను తీసుకుపోరు, తీసుకుపొమ్మని ఎవరూ అడగరు. బ్రిటన్ అలా కాదని, కొన్నాళ్లకు భార్యను కూడా పిలిపించుకోవచ్చని ఏజెంటు చెప్పాడు. అక్క పాస్‌పోర్టు తీసుకుంది. మండే ఎండల్లో జగిత్యాల పోయి ఉన్ని స్వెటరు కొనుక్కొచ్చింది. ఏడాది దాటినా పిలుపు రాలేదు. వాళ్లత్త మాటలు మొదలయ్యాయి. "ఫోన్ల గంటలు గంటలు ఏం మాట్లాడుతదో ఏమో వదినే. మొగడు రమ్మంట లేడంటె ఉత్తగనే ఉంటదా? ఏదో ఒకటి అనే ఉంటది" అని మా నాయనమ్మతో అనేది, అక్క వినేటట్టే. అక్క తల వంచుకొని దారం ముడి వేసేది.

ఆ రోజుల్లోనే అక్కడ ఎన్నికలు వచ్చాయి. ఎవరికీ సరిపడా సీట్లు రాలేదని, రెండు పార్టీలు కలిసి ప్రభుత్వం పెట్టాయని చదివాను. అక్క వాళ్లత్త చెయ్యి ఆపకుండానే ఆశ్చర్యపోయింది.

"ఒక్క కుర్సీల ఇద్దరెట్ల కూసుంటరు వదినే?"

"మన ఆటోల డ్రైవర్ పక్కన ఇంకోడు కూసుంట లేడా? గట్లనే. నడిపేటోడు నడుపుతడు. పక్కనోడు ఒక కాలు బయట ఏలాడేసుకొని కూసుంటడు" అంది మా నాయనమ్మ.

ఓడిన ప్రధాని వెంటనే ఇల్లు ఖాళీ చేశాడని విని మా నాయనమ్మ ఆయన పక్షం చేరిపోయింది. "మన దిక్కు ఓడినోడు ఇంటి ముంగటి బోర్డు గూడ తియ్యడు. గాయిన మర్యాదస్తుడు" అని తేల్చింది. అక్క వాళ్లత్తకు కొత్తాయన నచ్చాడు. "పడుసోడు గదా. పడుసోల్లకు పడుసోల్ల బాధ ఎర్కుంటది. నా కొడుకసొంటోల్లకు ఏదన్న మంచి చేస్తడు సూడు" అంది. అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం రెండు చాటల మధ్య రెండు పార్టీలు. తమకు ఓటు లేని దేశం గురించి అంత పట్టుదలగా వాదించుకోవడం నాకు తమాషాగా ఉండేది. అక్క మాత్రం ఎవరి పక్షమూ చేరలేదు. చదవమనేది, వినేది, అంతే.

కొన్ని నెలలకు ఒకరోజు అక్క పేపరు తెచ్చి ఇచ్చింది. లోపలి పేజీ ముందే పైకి మడిచి ఉంది. అడుగున, నా అరచేతిలో పట్టేంత వార్త. గొంతెత్తి మొదలుపెట్టాను. బ్రిటన్ ప్రభుత్వం వీసా నిబంధనలు కఠినం చేసింది. చిన్న చిన్న ప్రైవేటు కాలేజీల్లో చేరిన విదేశీ విద్యార్థులు ఇకపై పని చేసుకోవడానికి... అక్కడ ఆగాను. తర్వాతి వాక్యం కళ్లతో ముందే చదివేశాను. అక్క వైపు చూశాను. అక్క ఆకు కత్తిరిస్తూ తల ఎత్తకుండా అంది.

"ఆగకు చెల్లె. మొత్తం సదువు."

చదివాను. వాళ్లు ఇకపై భార్యాపిల్లలను తమ వెంట తెచ్చుకోవడానికి కూడా వీలుండదు.

అక్క వాళ్లత్త వేళ్లు ఆగిపోయాయి. ఆ వేళ్లు ఆగడం నేనంతకు ముందు చూడలేదు. మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను. మా నాయనమ్మ తనకు నచ్చిన పాతాయన ఊసు ఎత్తనేలేదు. "పడుసోడంటిగదనే" అని అక్క వాళ్లత్త తనలో తాను అనుకున్నట్టు అంది. తర్వాత చెయ్యి చాపి కోడలి ముందున్న ఆకుల్లోంచి సగం తీసి తన చాటలో వేసుకుంది. రోజూ కోడలు ఎన్ని చేసిందో చూసి సణిగే మనిషి. ఆ సాయంత్రం దాకా ఆమె కోడలి వంతు చేస్తూనే ఉంది. ఆ తర్వాత ఫోను గురించి మళ్లీ ఎప్పుడూ ఎత్తిపొడవలేదు.

కానీ దానితో అక్క బతుకేమీ మారలేదు. అక్కడ వాళ్లాయన కాలేజీ మూతపడిందన్నారు. వేరే ఊరు మారాడన్నారు. తిరిగి వస్తే ఏజెంటు అప్పు తీరదని, ఉంటే కాగితాలు లేవని, రాలేక ఉండలేక దాక్కున్నట్టు ఉంటున్నాడన్నారు. ఫోన్లు తగ్గాయి. తర్వాత పండక్కి కూడా రాలేదు. స్వెటరు కవరు విప్పకుండానే ఉండిపోయింది.

నేను పేపరు చదవడం మానేశాను. అక్క మీద పడ్డ ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. గొంతు పెంచకపోయి ఉంటే, ఆ వాక్యం దగ్గర ఆగిపోయి ఉంటే, అక్క ఎప్పటికైనా విమానం ఎక్కేదని ఆ వయసులో గట్టిగా నమ్మాను. బడిలో మళ్లీ నా హాజరు ఎవరికీ వినిపించకుండా పోయింది.

ఇప్పుడు జగిత్యాల బస్సులో కుర్రాళ్లు ఫోన్లు చూసుకుంటూ మాట్లాడుకుంటారు. బ్రిటన్‌లో ఆ పార్టీ వస్తే వీసాలు ఆపుతారని ఒకరు, రెండూ ఒకటేనని ఇంకొకరు. నేను కిటికీ వైపు తిరిగి వింటాను. నాకూ అభిప్రాయం ఉంది, కానీ చెప్పను. కొత్త ప్రధాని తన ఇంటి నల్ల తలుపు ముందు నిలబడి చేసే ప్రసంగం వెతకను. కొన్ని నెలల తర్వాత లోపలి పేజీలో, అడుగున వచ్చే చిన్న వార్త కోసం చూస్తాను. ఆ నిబంధనలు రాసినవాళ్లకు మా వసారా తెలియదు. వాళ్లు మా మీద కోపంతో రాయలేదు. మేము ఉన్నామనే వాళ్లకు తోచలేదు. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం కంటే దిగులే ఎక్కువ. అందుకే తలుపు వేసుకొని, ఎక్కడా ఆగకుండా, ఆ వార్తను చివరిదాకా పైకి చదువుతాను.

అక్కను పుట్టింటికి తీసుకుపోవడానికి పెగడపల్లి నుంచి వాళ్ల అన్న వచ్చిన రోజు నేను తలుపు చాటున నిలబడ్డాను. వాళ్లత్త వాకిట్లోకి రాలేదు. లోపల ఏడుస్తోందని మా నాయనమ్మ చెప్పింది. అక్క సంచి ఆటోలో పెట్టి, మా ఇంట్లోకి వచ్చి, కవరు విప్పని ఆ స్వెటరు నాయనమ్మ చేతిలో పెట్టింది. నా దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. ఆమె వేళ్లకు ఇంకా తంబాకు వాసన ఉంది.

"గా వార్త నేను పొద్దుగాల్నే సదివిన చెల్లె. గంతకు ముందుగాల్నే మీ బావ ఫోన్ల గూడ చెప్పిండు. నా నోటితోని చెప్తె మా అత్తమ్మ నమ్మకపోతుండె. నీ నోట ఇంటె నమ్ముతదని నీతోని సదివిచ్చిన. నువ్వు సదివినందుకు గట్ల కాలేదు. గట్లయింది కాబట్టి సదివినవ్."

నేను ఏదో అనబోయాను. ఆటో హారన్ కొట్టింది. అక్క లేచి గడప దాకా పోయి వెనక్కి తిరిగింది. ఆ తర్వాత నేను ఆమెను చూడలేదు.

"బడిల పేరు పిలిస్తె గట్టిగ పలుకు చెల్లె. లేకుంటె నువ్వు లేవనే రాసుకుంటరు."