సంత మర్నాటి ఆరాధన

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, మిర్చి కోతలు మొదలైన రోజుల్ల నన్ను వైరా నుంచి తీసి భద్రాచలం అవతల అడవి సర్క్యూట్‌కు వేసిన్రు. సర్క్యూట్ అంటే ఒక్క పాస్టర్ కింద ఉండే కొన్ని ఊర్ల గుంపు. నా కింద ఐదు ఊర్లు, ఒక పాత మోపెడ్. రిటైర్మెంట్‌కు రెండేండ్లే ఉన్నది, ఈ వయసుల అడవి ఎందుకని సూపరింటెండెంట్ అయ్యగారిని అడిగిన. ఆయన మా జిల్లా పాస్టర్లందరికీ పై అధికారి. "మీకు అనుభవం ఎక్కువ" అన్నరు. మా శాఖల ఆ మాట ఎవరితో అన్నా, వాళ్లకు దారి సరిగ లేని చోటే దొరుకుతది.

మిషనరీ అంటే ఓడెక్కి పరదేశం పోయేటాయన అని చాలామంది అనుకుంటరు. నేను మూడు వాగులు దాటి పోయిన. అక్కడి భాష రాదు, దారి తెల్వదు, తిండి కొత్త. నా లెక్కల అది గూడ పరదేశమే.

ఐదో ఊరు అసలు ఊరే కాదు. ఛత్తీస్‌గఢ్ దిక్కు గొడవలకు భయపడి, ఇండ్లు విడిచి, రాష్ట్రం దాటి వచ్చిన గొత్తికోయ కుటుంబాలు అడవి అంచున వేసుకున్న గుడిసెలు. మిర్చి చేలల్ల కూలి చేసుకొని బతుకుతరు. వాళ్ల పాత ఊర్లే ఎవరో ఒక బోధకుడు కొన్నాళ్లు తిరిగి ప్రభువు సంగతి చెప్పిపోయిండట. నాకంటే ముందున్న పాస్టర్ వాళ్లను సంతల కలిసి, బాప్తీస్మం కోరుతున్నోళ్ల పేర్లు రాసుకొని, ఆరాధనకు నీడగా ఒక టార్పాలిన్ పట్టా, ఒక చేతిగంట ఇచ్చి, ఆ నెలలోనే బదిలీ అయి పోయిండు.

మా దగ్గర ఒక నియమం ఉన్నది. వరుసగా మూడు ఆదివారాలు పాస్టర్ పోయినా ఆరాధన జరగకపోతే, ఆ చోటును "నిలిచిపోయిన స్థలం" అని రాసి జిల్లా కమిటీకి పంపాలె. కమిటీ ఒప్పుకుంటే జాబితాల నుంచి కొట్టేస్తరు. కొట్టేస్తే ఇగ పాస్టర్ పోడు. బాప్తీస్మానికి రాసుకున్న పేర్లు గూడ పోతయ్.

మొదటి ఆదివారం పోయిన. పట్టా కట్టి ఉన్నది, గంట వేలాడుతున్నది, మనుషులు లేరు. చెవులు వినపడని ఒక ముసలాయన, నాలుగు కోళ్లు. అందరూ ఎక్కడ అని సైగ చేస్తే ముసలాయన చేను దిక్కు చేయి చూపిండు. రెండో ఆదివారం గట్లనే. మూడో ఆదివారం కోళ్లు గూడ నన్ను గుర్తుపట్టినట్టున్నయ్, దగ్గరికి రాలేదు.

తిరిగొస్తుంటే ఆ చేను రైతు నర్సయ్య గట్టు మీద కలిసిండు. కూలోళ్లు ఆదివారం గూడ పనికొస్తరా అని అడిగిన. "ఆదివారమేంది సార్, ఏనాడు పిలిచినా వస్తరు. ఒక్క మంగళవారమే రారు. కోతలు మీదున్నయ్, కాయ పండి రాలుతున్నది, బతిమాలినా రారు. వాళ్లకు మంగళవారం దేవత ఎవరో ఉన్నట్టున్నది" అన్నడు.

నాకు ఒళ్లు మండింది. చేన్లకు నాలుగడుగులు వేస్తే వాళ్లంతా అక్కడే ఉన్నరు. పోయి అడగొచ్చు. అడగలేదు. నడుం నొప్పితోని మూడు వాగులు దాటి వచ్చినోడిని, నేనే పోయి వాళ్ల ముందర నిలబడాల్నా అనుకున్న. ఇంటికొచ్చి రిపోర్టు రాసి జిల్లా ఆఫీసుకు పంపిన. "ఇచ్చటి విశ్వాసులు మంగళవారపు దేవతను కొలుచుటకు మరలినట్లు తెలియుచున్నది" అని. కోపమొస్తే నా భాష గ్రాంథికమైతది.

స్థలం కొట్టేసేటప్పుడు సంఘం ఆస్తిని గూడ వాపసు తేవాలె. అంటే పట్టా, గంట. సోమవారం పాస్టర్లకు విశ్రాంతి దినం, అందుకని మంగళవారం బయలుదేరిన, పట్టా కట్టి తెచ్చేందుకు మోపెడ్‌కు తాడు చుట్టుకొని. మా ఇంటామె గడపల నిలబడి, "గోడలు లేని గుడికి కప్పు గూడ ఉంచవా?" అన్నది. నియమం అన్న. "నియమానికి ఎండ కొట్టదు, మనుషులకు కొడుతది" అని లోపలికి పోయింది.

గూడెం దగ్గరికి రాంగనే పాట వినపడ్డది. భాష తెల్వదు గని రాగం నేను చిన్నప్పటి నుంచి పాడిన రాగమే. మోపెడ్ ఆపి ఇప్పచెట్టు చాటున నిలబడ్డ. పట్టా కింద గూడెం గూడెమే కూసున్నది. ఉతికిన బట్టలు, నూనె పెట్టి దువ్విన తలలు. మిర్చి ఘాటుకు ఎర్రబడ్డ చేతులు జోడించుకొని కండ్లు మూసుకున్నరు. ఘాటు ఇంకా పోలేదేమో, మధ్యల ఒకరు తుమ్మితే పక్కనోళ్లు గూడ తుమ్మిన్రు. పుస్తకం లేదు, బోధకుడు లేడు. వచ్చిన నాలుగు పాటలే తిప్పి తిప్పి పాడుతున్నరు. తాడు చేతిల పట్టుకొని నేను దొంగ లెక్క చూస్తున్న.

వాళ్లే చూసిన్రు. లేచి, చేయి పట్టుకొని తీసుకపోయి ముందర కూసోబెట్టిన్రు. సోడి దేవే అని యాభై ఏండ్ల ఆడమనిషి, మిర్చి చేలల్ల తెలుగు నేర్చుకున్నది. ఆమె మొహం వెలిగిపోతున్నది.

"ఇప్పుడే నీ గురించే మొక్కినం" అన్నది. "కొత్త పాస్టర్ మూడుసార్లు పనిరోజున వచ్చి, ఖాళీ పట్టా చూసి పోయిండని మా ముసలోడు చెప్పిండు. పాపం, వారాలు తెల్వనోడు, ఆయనకు తెలివియ్యి ప్రభువా అని మొక్కినం. ఇయ్యాల వచ్చినవ్. విన్నడు గదా!"

 ముప్పై ఏండ్ల సర్వీసు, గోడకు బైబిల్ కాలేజి డిప్లొమా. నా తెలివి కోసం గూడెమంతా మోకాళ్ల మీద ఉన్నది.

అంతల ఆమె నా చేతిల తాడు చూసి, ఇదెందుకని అడిగింది. పట్టా వదులైందంట, బిగిద్దామని తెచ్చిన అన్న. నలుగురు మగోళ్లు వెంటనే లేచిన్రు. అబద్ధం నిలబెట్టుకునేందుకు ఎండల గంటసేపు వాళ్లతోని ముళ్లు వేసిన. పట్టా నిజంగనే బాగ బిగిసింది.

తర్వాత మెల్లగ ఆరా తీసిన. వాళ్ల పాత ఊరికి దగ్గరి సంత శనివారం. "సంత మర్నాడు దేవుని రోజు" అని ఆ బోధకుడు నేర్పిండు. ఇక్కడికొచ్చినంక దగ్గరి సంత సోమవారం. వాళ్లు సంత మర్నాడే కూడుకున్నరు. దేవుని రోజును తెలుగోళ్లు మంగళవారం అంటరనుకున్నరు. ఆ ఒక్క రోజు కోసం కోతల కాలంల కూలి వదులుకుంటున్నరు, రైతుతోని మాటలు పడుతున్నరు. ఆ ముక్క విన్నంక నేను తల దించుకున్న. సిగ్గయింది, ఏడుపు గూడ వచ్చింది. పట్టా నీడల ఎవరికీ కనపడలేదనుకుంట.

ఇగ చెప్పక తప్పలేదు. దేవుని రోజు ఇది కాదు తల్లీ, రెండు రోజుల కింద అయిపోయింది అన్న. ఆమె తక్కినోళ్లకు వాళ్ల భాషల చెప్పింది.  దేవే వేళ్లు మడిచి లెక్క పెట్టుకుంటున్నది.

నాకు తెలిసిన ఓదార్పు ఇచ్చిన. బాధపడకు, దేవుడు మంగళవారం గూడ వింటడు, మీ మొక్కులన్నీ చేరినయ్ అన్న.

"దేవుని సంగతి కాదయ్యా" అన్నది దేవే. "ఆయన వింటడని మాకు తెల్సు. నా బిడ్డ సంగతి."

ఊరు విడిచి ఉరికిన నాడు పెద్దబిడ్డ జోగి మేనత్త ఊర్లే ఉండిపోయిందట. ఏడేండ్లు, కబురు లేదు. "దేవుని రోజు లోకమంతా ఒక్కసారే మొక్కుతదని బోధకుడు చెప్పిండు గదా, నేను మొక్కేటప్పుడు నా బిడ్డ గూడ అక్కడ మొక్కుతుంటది, గట్లనన్న కలుస్తున్నం అనుకున్న" అన్నది. "అక్కడ సంత శనివారమే. అంటే ఆమె ఒకనాడు మొక్కింది, నేనొకనాడు."

 

తెల్లారి జిల్లా ఆఫీసుకు పోయి, గూడెం సంగతంతా చెప్పి, నా రిపోర్టు వాపసు అడిగిన, అక్కడ మంగళవారమే ఆరాధన చేసుకోనియ్యమన్న. సూపరింటెండెంట్ అయ్యగారు అద్దాల మీంచి చూసిన్రు. రేపు ఇంకో ఊరు శుక్రవారం అంటది, ఎల్లుండి ఇంకోటి బుధవారం అంటది, సంఘం నడిపేదెట్ల అన్నరు. ఆ మాటల తప్పు లేదు. పంట మీదున్న చేను వదిలి, కూలి వదులుకొని వస్తున్నరు సార్ అన్న.  ఆయన, మన పెద్ద సంఘంల ఆదివారం ఆరాధన మొదలయ్యే ఎనిమిదిన్నరకు ఎంతమంది ఉంటరని అడిగిన్రు. మీరు, మైకు పెట్టేటాయన అన్న. ఆయనకు నవ్వొచ్చింది. నా రిపోర్టు నాకిచ్చి, కోతలు అయ్యేదాక ఆ గూడెంల మంగళవారం ఆరాధన చేసుకోవచ్చని కమిటీ చేత రాయించిన్రు. మా శాఖల గట్ల రాయించుడు చిన్న ముచ్చట కాదు.

ఆదివారం వేరే ఊర్లే ఆరాధన చేసి, మంగళవారం ఆ అనుమతి కాగితం జేబుల పెట్టుకొని, పెండ్లిపిలగాని లెక్క పోయిన. పట్టా కింద ఎవరూ లేరు. ఈసారి చేన్లకే నడిచిన. దేవే మిర్చి ఏరుతున్నది.

"మొన్న ఆదివారమే కూడినం. నువ్వే రాలేదు" అన్నది. మంగళవారానికి అనుమతి తెచ్చిన గదమ్మా అని కాగితం చూపిన. చేతులకు మిర్చి ఘాటున్నదని కాగితం ముట్టుకోలేదు. "మంచిదే. గని నా బిడ్డ ఆదివారం మొక్కుతది గదా" అని మళ్ల సాలులకు వంగింది. ఆమె ఒక్కదాని బిడ్డ కోసం గూడెమంతా రోజు మార్చుకున్నది. ఇగ ఆదివారం పనికి రామని నర్సయ్యకు గూడ చెప్పేసిన్రట. ఆయన గట్టు మీద నుంచి, ఈ దేవునికి ఒక వారం ఉండదా సార్ అని నా మీదికి లేచిండు.

ఈస్టర్ నాడు వాగుల బాప్తీస్మాలు ఇచ్చిన. మొదటి పేరు దేవేది. జోగి కబురు నేను రిటైరయ్యేదాక రాలేదు. దేవే ఒక్క ఆదివారం గూడ మానలేదు.

కొత్తగ ఈ పనిలకు వచ్చినోళ్లు నన్ను అప్పుడప్పుడు సలహా అడుగుతరు. ఒక చోట మనుషులు లేరని రాసేముందు చేన్లకు దిగి అడగమని చెప్త. దేవుడు ఏ రోజు వింటడన్న సందేహం ఆ గూడెంల ఎవరికీ లేకుండె. అది నాకు, కమిటీకి ఉండె.