గ్యాసు బంకులో అందరూ దిగాలి

పెట్రోలు పోయించుకునేటప్పుడు కార్లో కూర్చుని కూనిరాగం తీసినా ఎవరూ ఏమీ అనరు. సీఎన్‌జీ బంకులో అలా కుదరదు. మా ఘాజియాబాద్‌లోనైనా ఢిల్లీలోనైనా, బండి పైపు దగ్గరికి రాగానే బంకువాడు చెయ్యి ఊపి "సవారీ ఉతారో" అని అందరినీ దించమంటాడు. ఇంజను ఆపాలి. ఫోను సంచిలో పడేయాలి. చంటిపిల్లతో సహా అందరూ దిగి, పసుపు గీత దాటి, రేకుల షెడ్డు కింద నిలబడాలి. గ్యాసు అంత ఒత్తిడితో సిలిండర్‌లోకి ఎక్కుతుంటే మనిషి దాని పక్కన ఉండకూడదు.

ఈ నియమాన్ని నా అంత భక్తిగా పాటించేవాళ్ళు ఈ చుట్టుపక్కల ఉండరు. నిజానికి అది భక్తి కాదు, భయం. నా చిన్నప్పుడు మా వంటింట్లో సిలిండర్ ట్యూబు లీకై ఒక్కసారిగా మంట లేచింది. కిటికీ తెర తప్ప ఏమీ కాలలేదు గానీ, మంటకి ముందు వచ్చిన ఆ బుస్సుమనే చప్పుడు నన్ను వదల్లేదు. బంకులో పైపు ఊడదీసినప్పుడు సరిగ్గా అదే చప్పుడు వస్తుంది. ఎంత సిద్ధపడి నిలబడినా ఉలిక్కిపడతాను. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కారు నడిపేది నేను, ఇంటిల్లిపాది మీదా అరిచేది నేను. నాకు భయమంటే ఎవరు నమ్ముతారు? బంకులో ఎవరైనా ఫోను తీస్తే మాత్రం "భయ్యా, ఫోన్ బంద్ కరో" అని ఒక్క కేక పెడతాను. అందరూ నన్ను గయ్యాళి అనుకుంటారు. అనుకోనీ.

మా అత్తయ్య కాకినాడ నుంచి మా దగ్గరికి వచ్చేసి చాలా ఏళ్ళయింది. ఆమధ్య ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయింది. ఆపరేషన్ బాగానే జరిగింది గానీ, ఇంటికొచ్చాక బాత్రూమ్‌లో కాలు జారి పడ్డారు. దెబ్బేమీ తగల్లేదు, ధైర్యం మాత్రం పోయింది. ఆ తర్వాత మంచం మీంచి సోఫా, సోఫా మీంచి మంచం, అంతే. ఢిల్లీ సాకేత్‌లో ఆపరేషన్ చేసిన డాక్టరు నాకు గట్టిగానే చెప్పాడు, ఇప్పుడు నడిపించకపోతే ఆ మోకాలు బిగుసుకుపోతుందనీ, తర్వాత ఏం చేసినా లాభం ఉండదనీ. మా ఆయన బతిమాలారు. ఫిజియోథెరపీ అమ్మాయి "ఆంటీజీ, ప్లీజ్" అని గడ్డం పట్టుకుంది. నేను అరిచాను. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు, ఆ మొండివాడు కూడా మా అత్తయ్య ముందు దిగదుడుపే.

"మళ్ళీ పడితే మీకే కదర్రా చాకిరీ. నన్నిలా వదిలెయ్యండి" అని గోడవైపు తిరిగి పడుకునేవారు.

రోజూ పొద్దున్నే పాల బూత్ దాకా నడిచి, దారిలో కనపడ్డవాళ్ళందరినీ వచ్చీ రాని హిందీలో పలకరించి, కాలనీ కబుర్లన్నీ మోసుకొచ్చే మనిషి ఆవిడ. నడక ఆగిపోతే ఆ మనిషి నాకు మిగలదని భయమేసేది. పైకి విసుక్కుని, వంటింట్లోకి వెళ్ళి ఏడ్చేదాన్ని.

ఒకరోజు సాకేత్ ఆసుపత్రి నుంచి తిరిగొస్తుంటే గ్యాసు అయిపోవచ్చింది. మా ఇంటి దగ్గరి బంకులో వరసలో నిలబడ్డాం. మా వంతు రాగానే నేను దిగాను. అత్తయ్య వెనక సీట్లో కదల్లేదు. ఆసుపత్రిలో అయితే చక్రాల కుర్చీ కారు తలుపు దాకా వస్తుంది. ఇంటి దగ్గర మా ఆయన వాకరు పట్టుకుని ఎదురొస్తారు. ఆ వాకరు కార్లో పట్టదు, డిక్కీ నిండా సిలిండరే.

"నేను దిగలేనమ్మాయ్. వాడికి చెప్పు" అన్నారు.

"మీరు దిగకపోతే వాడు గ్యాసు పట్టడత్తయ్యా."

"మాతాజీ, ఉతర్‌నా పడేగా" అన్నాడు బంకువాడు, దిగక తప్పదని మర్యాదగానే. వెనక ఆటోలవాళ్ళు హారన్లు అందుకున్నారు.

సరిగ్గా అప్పుడే పక్కబండికి పెట్టిన పైపు లాగారు. బుస్సుమంది. నేను గబుక్కున వెనక్కి జరిగి స్తంభానికి ఆనుకున్నాను. ఊపిరి తీసుకుని తిరిగి చూసేసరికి మా కారు వెనక తలుపు తెరిచి ఉంది. అత్తయ్య రెండు కాళ్ళూ నేలమీద పెట్టి ఉన్నారు.

"చెయ్యియ్యి" అన్నారు.

ఇచ్చాను. షెడ్డు కింద బెంచీ దాకా మెల్లగా నడిచారు. కూర్చున్నాక కూడా నా చెయ్యి వదల్లేదు. హారన్లకి సిగ్గుపడి దిగారు కాబోలు అనుకున్నాను.

నాకు దారి దొరికింది. డాక్టరు మాటా కొడుకు మాటా వినని మనిషి బంకువాడి మాట విన్నారు కదా! ఇక రోజు విడిచి రోజు "గ్యాసు అయిపోయిందత్తయ్యా, ఒక్కదాన్నే ఏం వెళ్ళను, రండి" అని బయల్దేరదీసేదాన్ని. బంకువాడు మీటరు చూసి "మేడమ్, టంకీ తో భరీ హుయీ హై" అని, నిండుగా ఉన్నదాంట్లో ఏం పొయ్యాలన్నట్టు తెల్లమొహం వేస్తే, పట్టినంతే పట్టమని "ఠీక్ హై భయ్యా, జితనా ఆయే" అంటూ పళ్ళికిలించేదాన్ని. పైపు లాగిన ప్రతిసారీ నా గుండె జారేది. అయినా మానలేదు. అత్తయ్య మొదట్లో నా చెయ్యి పట్టుకుని, తర్వాత చేతికర్రతో, బెంచీ దాకా వెళ్ళి వచ్చేవారు. పొగమంచు రోజుల్లో మఫ్లరు చుట్టుకుని మరీ వచ్చారు. బెంచీ మీద ఏ పంజాబీ ఆంటీయో కనపడితే సగం తెలుగులోనే కబుర్లు మొదలుపెట్టేవారు. అది చూసి నేను లోలోపల తెగ మురిసిపోయేదాన్ని, ఎంత తెలివైనదాన్నో అని.

ఎండలు ముదిరాక మళ్ళీ సాకేత్ వెళ్ళాం. డాక్టరు మోకాలు వంచి చూసి, ఇక ఆరునెలలదాకా రానక్కర్లేదన్నాడు. తిరుగుదారిలో అదే బంకులో ఆగాను. నాకంటే ముందే అత్తయ్య దిగారు. కర్ర కూడా తీసుకోకుండా కారు చుట్టూ తిరిగి నా పక్కకి వచ్చి నిలబడ్డారు.

"ఇవాళ నిజంగానే అయిపోయిందా గ్యాసు?" అన్నారు.

నేను పర్సులో డబ్బులు వెతుకుతున్నట్టు తల దించుకున్నాను.

"కార్లో ఆ గ్యాసు మీటరు మీద నాలుగు పచ్చ దీపాలూ వెలుగుతుంటే నాకు కనపడవనుకున్నావేవిటి? నా కళ్ళకేం ఆపరేషన్ అవలేదు."

తాడిదన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని ఊరికే అనలేదు. "తెలిసీ ఎందుకు దిగారు మరి?" అన్నాను.

"మొదటిరోజు పక్కబండికి పైపు లాగేడు చూడు, నువ్వు వెళ్ళి ఆ స్తంభానికి అతుక్కుపోయేవు. మొహంలో నెత్తురు చుక్క లేదు. అందరి మీదా కేకలేసే పిల్లవి, అలా వణికిపోతూ ఒక్కత్తివీ నిలబడితే నేను కార్లో ఎలా కూచుంటానే? పడితే పడ్డానని దిగేను."

"మరి తర్వాత?"

"అంత భయం పెట్టుకుని కూడా నాకోసం ఇక్కడికే తీసుకొచ్చేదానివి. నువ్వు రాగా లేంది, నేను దిగలేనా?"

నాకు కళ్ళనిండా నీళ్ళు వచ్చేశాయి. కొంగుతో తుడుచుకుందామంటే ఒంటిమీద ఉన్నది కుర్తా. ఇద్దరం పసుపు గీత దాటి షెడ్డు కిందికి నడిచాం. మా కారు సిలిండర్ నిండింది. బంకువాడు వంగి పైపు మీద చెయ్యి వేశాడు.

అత్తయ్య వాడివైపే చూస్తూ నా చెయ్యి అందుకున్నారు.

"ఇప్పుడు లాగుతాడు. గట్టిగా పట్టుకో" అన్నారు.