బావ ఎడమ కాలు, కొత్త పెడళ్లు, శామీర్‌పేట మొరం దారి

మా బావ ఎడమ కాలు పెడల్ మీద నిలవడం మానేసింది. ఈ ప్రయాణం మొదలైంది అందుకే. రెండేళ్ల కిందట ఆయనకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. దేవుడి దయ, మా అక్క మొండితనం కలిసి మనిషిని లేపి నిలబెట్టాయి. నడక వచ్చింది, మాట వచ్చింది, నన్ను తిట్టే శక్తి అన్నిటికంటే ముందు వచ్చింది. సైకిల్ మాత్రం రాలేదు. చిన్న గుంత తగిలినా ఎడమ పాదం జారిపోయేది, జారిన సంగతి ఆయనకు తెలిసేది కూడా కాదు. ఒకప్పుడు రాళ్ల దారుల్లో నన్ను వెనక వదిలేసి పోయిన మనిషి, గుండ్లపోచంపల్లిలో బాల్కనీలో కూర్చుని, తొక్కని సైకిల్ గొలుసుకు నూనె వేసుకుంటూ ఉండేవాడు.

కొంపల్లి సైకిల్ షాపులో క్లిప్‌లెస్ పెడళ్లు వాడి చూడమన్నారు. పేరులో క్లిప్ లేదంటారు, పనంతా క్లిప్‌దే. పదో తరగతి తప్పినవాణ్ని, ఆ పేరు ఎవరు పెట్టారో నన్ను అడక్కండి. బూటు అడుగున చిన్న ఇనుప ముక్క ఉంటుంది. పెడల్ మీద నొక్కితే టక్కున పట్టుకుంటుంది. మడమను బయటికి తిప్పితే వదులుతుంది. బూట్లతో కలిపి ఒక్కొక్కరికి పదకొండు వేల దాకా అయింది. చిక్కేమిటంటే, బావ ఎడమ మడమ బయటికి తిరగదు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం: ఆగేముందు కుడి కాలు విడిపించాలి, బరువు కుడికి వెయ్యాలి, నేల మీద నిలబడ్డాక వంగి ఎడమ బూటును చేత్తో తిప్పుకోవాలి. అక్క వాళ్ల చర్చి వెనక ఖాళీ స్థలంలో కొన్ని వారాలు ఇదే పని. నేను కూడా ఆ బూట్లు వేసుకుంటేనే తొక్కుతానని బావ పట్టుబట్టాడు. మొదటిరోజే గేటు ముందు కాళ్లు ఊడక సైకిల్‌తో సహా పడ్డాను. నాటకమనుకుని కాలనీలో ఒక్కడూ లేపలేదు. అందర్నీ ఆటపట్టిస్తానని నాకున్న పేరు అలాంటిది మరి.

ఒక ఆదివారం తెల్లవారుతుండగా సైకిళ్లు కారు వెనక కట్టి బయలుదేరాం. అక్క గేటు దాకా వచ్చి నన్ను పక్కకు పిలిచింది.

"తమ్మీ, నీ ముచ్చట్లల్ల సగం అబద్ధమే. ఇయ్యాల ఒక్కటి నిజం చెప్పు. మీ బావ ఇగ ఒక్కడే తొక్కుకుంట పోతనంటున్నడు. పంపాల్నా వద్దా, నువ్వొచ్చి చెప్పినంకనే."

ఏదో ఒకటి అని నవ్విద్దామనుకున్నాను. ఆమె ముఖం చూశాక, సరేనని కారెక్కాను.

హైవే మీద మేడ్చల్ దాకా ఆ వేళలో పావుగంట చాలు. అక్కడ కుడికి తిరిగితే శామీర్‌పేట రోడ్డు. దారిలో ఒక టిఫిన్ బండి దగ్గర కారు ఆపి, నలభై రూపాయల ఇడ్లీ తిన్నాం. చట్నీ ఎంత కారంగా ఉందంటే బావకు ఎడమ చెంప మీద కూడా తెలిసింది. బండి ఆమెకు చెప్పి కారు అక్కడే పెట్టి, మొరం దారి మొదలయ్యేదాకా సైకిళ్లు నడిపించుకుంటూ వెళ్లాం. రోడ్డు మీద తొక్కనివ్వనని అక్కకు మాటిచ్చాను. అక్కడి నుంచి నీలగిరి తోట పక్కగా, సీతాఫలం పొదల మధ్యగా, చెరువు నీళ్లు కనబడేదాకా ఎర్ర మట్టి దారి. పెద్ద ఎత్తులేమీ లేవు గాని బండలు మాత్రం మంచివి.

మొదటి బండ దగ్గర నేను ఊపిరి బిగబట్టాను. సైకిల్ ఎగిరింది, పాదం పెడల్‌ను వదల్లేదు. రెండో బండ, మూడోది. బావ వెనక్కి తిరిగి చూడలేదు. నాకు వీపు మాత్రమే కనబడుతోంది. ఆ వీపు ఆసుపత్రి నుంచి వచ్చిన మనిషిది కాదు. పైకెక్కాక కుడి కాలు విడిపించి కుడికి ఒరిగి, చెప్పుకున్నట్టే ఆగాడు. మేకలు తోలుకొస్తున్న ఒక పెద్దాయన నిలబడి మా బూట్లు చూసి, కాళ్లెందుకు కట్టేసుకున్నారని అడిగాడు.

"ఇడ్సిపెడితే పోతాంది కాకా," అన్నాడు బావ.

ఆయన నవ్వాడు. బావ కూడా నవ్వాడు. నేను నీళ్ల సీసా మూత తీస్తూ అటు తిరిగాను.

తొమ్మిది దాటాక మళ్లీ రోడ్డు దగ్గరికి వచ్చాం. దిగి నడుద్దామని నేను అనేలోపే బావ తారు మీద ఎక్కేశాడు. కారు కనబడే దూరంలోనే ఉంది. ఆయన ఆనందంలో ఉన్నాడు. ముందు వెళ్తున్న నీళ్ల ట్యాంకర్ స్పీడ్ బ్రేకర్ దగ్గర ఒక్కసారిగా నెమ్మదించింది. బావ బ్రేకు నొక్కి, నేర్చుకున్నట్టే కుడి కాలు విడిపించాడు. కానీ చర్చి స్థలం చదును. రోడ్డు అంచు ఎడమకు వాలి ఉంటుంది. సైకిల్ ఎడమకే ఒరిగింది. కాలు పెడల్‌కు అతుక్కునే ఉంది. కొట్టేసిన చెట్టులా కంకరలోకి పడ్డాడు. అదే క్షణంలో ఆయన కుడి పక్కనుంచి ఒక డీసీఎం వ్యాను దూసుకుపోయి, ముందు ఆగింది.

డ్రైవర్ దిగి పరుగున వచ్చాడు. ఇద్దరం కలిసి బూటు తిప్పి కాలు విడిపించాం. మోచెయ్యి గీసుకుపోయింది, అంతే.

"అటు పడ్డడు కాబట్టి బతికిండన్నా," అన్నాడు డ్రైవర్. సైకిల్‌ను రోడ్డు అంచు నుంచి పక్కకు లాగాడు. "ఇటు ఒరిగుంటే నా బండి ఆగకపోతుండె."

కుడికి ఒరగమని నేర్పింది నేను. నేను చెప్పినట్టే కుడికి ఒరిగి ఉంటే బావ ఆ వ్యాను కింద ఉండేవాడు.

కారులో బావే ముందు మాట ఎత్తాడు. మట్టి దారిలో బండ మీద పడ్డానని అక్కతో చెబుతానన్నాడు. నేను మేడ్చల్ వైపు కారు తిప్పాను.

"మీ అక్కకు చెప్పకు. మల్ల నన్ను ఆ బాల్కనీల కూసోబెడ్తది."

ఇంత చిన్న గొంతుతో ఆయన నన్నేదీ ఎప్పుడూ అడగలేదు.

అక్క చర్చి నుంచి వచ్చేదాకా ఇద్దరం హాల్లోనే కూర్చున్నాం. ఆమె ముందు మోచెయ్యి చూసింది, తర్వాత నన్ను చూసింది. ట్యాంకర్, వాలు, వ్యాను, డ్రైవర్ మాట, అన్నీ చెప్పాను. నేనెప్పుడు నవ్వుతానా అని ఆమె కాసేపు ఎదురుచూసింది.

"మట్టి మీద పంపు అక్కా. నీకంటే నాకంటే మంచిగ తొక్కుతడు. రోడ్డు మీద వద్దు. ఒక్కడిని అసలే వద్దు."

బావ లేచి లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. ఆ వారమంతా నా ఫోన్ ఎత్తలేదు. శనివారం సాయంత్రం తనే చేశాడు. పలకరింపు లేదు, ఏమీ లేదు.

"రేపు కారు తెస్తవా, లేదా?"

తెస్తానన్నాను. పెట్టేశాడు.

ఇప్పుడు ప్రతి ఆదివారం వెళ్తున్నాం. ఇన్నేళ్లూ మనుషుల్ని బోల్తా కొట్టించి నవ్వడమే నా పని. ఆ కంకరలో ఆయన బూటు తిప్పుతున్నప్పుడు నాకు తెలిసింది, మనిషిని పట్టి ఉంచేదీ పడేసేదీ ఒకే ఇనుప ముక్క కావచ్చునని. దాన్ని తీసెయ్యమని చెప్పడం తేలిక. ఎక్కడ పెట్టుకోవాలో, ఎక్కడ పెట్టుకోకూడదో చెప్పి, ఆయన కోపం నెత్తిన వేసుకుని వెనకాల తొక్కడమే కష్టం. బావ ఇప్పటికీ నన్ను క్షమించినట్టు లేదు. ఎత్తు ఎక్కాక మాత్రం నా కోసం ఆగుతున్నాడు.

క్లిప్‌లెస్‌కు మారాలనుకునేవాళ్లకు ఒక్క మాట. చదును నేల మీద నేర్చుకుని సరిపోయిందనుకోకండి. వాహనాలు లేని వేళ రోడ్డు ఎడమ అంచున ఆగి చూసుకోండి, వాలు మిమ్మల్ని ఎటు పడేస్తుందో ఆ పక్క కాలే ముందు ఊడి రావాలి. అది ఊడి రానివాళ్లు మట్టి దాకా కారులోనే వెళ్లండి.