ఆయన పళ్ళెంలో క్వినోవా

మా ఆయన ముప్పయ్యేళ్ళు సిరిగేరిలో వరి పండించాడు. మోకాళ్ళు మొరాయించాక పొలం మరిదికి అప్పగించి, బళ్ళారి గాంధీనగర్‌లో చిన్న ఇల్లు తీసుకున్నాం. అయినా బియ్యం మాత్రం ఎన్నడూ కొనలేదు. కోతలు కాగానే మా మడి బియ్యమే మూటల్లో వచ్చేది. అట్లాంటి మనిషికి దసరా వెళ్ళిన వారంలో డాక్టరు, చక్కెర బాగా పెరిగింది, కొన్నాళ్ళు అన్నం మానేయమని చెప్పాడు. 

పగలు జొన్నరొట్టెతో సర్దుకున్నాడు. సాయంత్రం మాత్రం దిగులుగా కూర్చునేవాడు.

"రొట్టె మీద చారు పోసుకుంటే ఏముంటాది మే? కలుపుకొనేదానికి ఏమన్నా ఉండల్ల" అనేవాడు.

బెంగుళూరులో ఉద్యోగం చేసే మా అమ్మాయి ఆ నెల వచ్చినప్పుడు ఒక పొట్లం తెచ్చింది. లోపల ఆవాలంత తెల్లటి గింజలు. క్వినోవా అని రాసుంది. "అన్నం మాదిరి వండుమ్మా, నాన్నకు మంచిది" అని చెప్పి వెళ్ళిపోయింది.

అన్నం మాదిరే వండాను. ఒకసారి కడిగి, రెండింతల నీళ్ళు పోసి, కుక్కర్‌లో మూడు విజిల్స్ రానిచ్చాను. జావలాగా అయింది. ఆయన పప్పు కలుపుకొని నోట్లో పెట్టుకున్నాడు.

"ఏంది మే ఇది? సబ్బు గాన పడిందా దీంట్లో?"

అంటూనే ఇంకో ముద్ద కలిపాడు. నేను నొచ్చుకుంటానని తింటున్నాడు. చూడలేక పళ్ళెం తీసేశాను.

మర్నాడు పొద్దున పక్కింటి అవ్వ దగ్గరికి పొట్లం పట్టుకెళ్ళాను. ఆమెది హచ్చొళ్ళి అనే పల్లె. కాలువ నీళ్ళు రాకముందు, అక్కడ వరి లేని రోజుల్లో కొర్రన్నం తిని పెరిగిన మనిషి. నాలుగు గింజలు నోట్లో వేసుకొని నమిలింది.

"పైన చేదుండాది తల్లీ. కడిగినావా?"

"ఒగసారి కడిగినానవ్వా."

"ఒగసారి యాడ సాలుతాది? నురగ పోయేదాకా కడగల్ల."

గింజలను గిన్నెలో పోసి అరచేత్తో రుద్దింది. నిజంగానే సబ్బు నురగలాగా పొంగింది. ఆరుసార్లు మార్చాక నీళ్ళు తేరుకున్నాయి. గుడ్డలో వడగట్టి, తడి ఆరాక, ఉత్త బాణలిలో సన్న మంట మీద వేయించింది. చిటపటమని కమ్మటి వాసన వచ్చాక, గ్లాసు గింజలకు గ్లాసున్నర మరిగే నీళ్ళు, ఉప్పు. మూతపెట్టి సన్న సెగ. నీళ్ళు ఇంకగానే పొయ్యి ఆర్పేసింది. నేను మూత తీయబోతే చెయ్యి పట్టుకుంది.

"ఆగు, ముట్టొద్దు. దాని ఆవిరికి అదే మగ్గల్ల."

పది నిమిషాలాగి చూస్తే గింజకు గింజ విడివిడిగా, పొడిపొడిగా ఉంది. ఆ సాయంత్రం చనక్కాయలు, పచ్చిమిరప, కరివేపాకు తాలింపు పెట్టి నిమ్మకాయ పిండాను. పక్కన ఉలవచారు.

ఆయన పళ్ళెం ఖాళీ చేశాడు. "బాగుండాది" అన్నాడు. మళ్ళీ తనే, "అన్నం కాదు గానీ, బాగుండాది" అన్నాడు.

అప్పట్నుంచి ఇద్దరికీ అదే వండేదాన్ని. ఆయన ముందు అన్నం తినడానికి నాకు మనసొప్పలేదు. కోతలయ్యాక మరిది కొత్తబియ్యం మూట పంపితే, విప్పకుండా గోడవారగా పెట్టాను. ఆయన వస్తూ పోతూ ఆ మూట మీద చెయ్యి వేసేవాడు. ఒకరోజు అడగనే అడిగాడు.

"ఈ పొద్దు నువ్వు బియ్యం వండుకో మే."

"నాకొద్దప్పా."

"నీ కోసరం గాదు. నాకు వాసన చూడల్లని ఉండాది."

కుక్కర్ పక్కన పెట్టి, గిన్నెలో ఎసరు పోసి వండాను. ఆయన స్టూలు లాక్కొని పొయ్యి దగ్గర కూర్చున్నాడు. గంజి వంచుతుంటే ఆవిరి ఆయన ముఖాన కొట్టింది. కళ్ళు మూసుకున్నాడు. ఏ మడి గట్టు మీద ఉన్నాడో, నేను పిలవలేదు.

తర్వాత పట్టుబట్టి నాకు అన్నం పెట్టించి, ఎదురుగా తన క్వినోవా తింటూ, "ఎట్లుండాది?" అని అడిగాడు.

"మెత్తగా ఉండాది" అన్నాను. ఆయన చూస్తుండగా ఇంకో ముద్ద కలుపుకున్నాను.

మూడో నెల పరీక్షలో చక్కెర కాస్త దిగింది. రోజుకు ఒక పిడికెడు అన్నం తినొచ్చన్నాడు డాక్టరు. ఇప్పుడు మా ఆయన మొదట క్వినోవా తింటాడు. ఆ పిడికెడు అన్నాన్ని చివరికి దాచుకొని, పెరుగు పోసుకొని, మెల్లగా తింటాడు. తిన్నాక చాలాసేపు చెయ్యి కడుక్కోడు.